కాలువ గట్టున సైకిలు యాత్ర

ప్రయాణము చేయువారిలో రెండు తెగలవారు కలరు. ఊరు చేరుటకై బయలుదేరువారు కొందరు. దారిని చూచుటకై బయలుదేరువారు మరికొందరు. మొదటి తెగవారికి రైలు, బస్సు, మోటారుకారు ఉండనే ఉన్నవి. రెండవ తెగవారికి కాలినడకను మించినది లేదు. అయితే నడచి పోవువాడు ఉదయమునుండి సాయంకాలమువరకు శ్రమపడినను 25, 30 కిలోమీటర్లకు మించి పోజాలడు. ఈ రెంటికిని నడుమ, రెంటిలోని మేలును కొంత కొంత పుణికిపుచ్చుకొని, సైకిలు ఉన్నది. దానిపై పోవువాడు ఒక పగటిలో రెండు మూడు తాలూకాల మేర దాటగలడు. అయినను దారిలో ఎవరైన పలుకరించినచో ఆగి, కాలు నేలమీద ఆనించి, బదులు చెప్పగలడు.

నేడు మనమెరిగిన సైకిలు రూపము 1885 ప్రాంతమున ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన ‘రోవర్’ బండితో స్థిరపడినది. అంతకు మునుపటి బండ్లకు ముందుచక్రము మనిషి ఎత్తు, వెనుకచక్రము చిన్నది. ఎక్కుట కష్టము, పడుట సులభము. చక్రములు రెండును సమానమై, గొలుసు ఆధారముతో వెనుకచక్రము తిరుగుట అలవాటైన పిమ్మట, 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరును వాడుకలోనికి తెచ్చెను. దానితో సైకిలు దూరప్రయాణమునకు యోగ్యమైనది. మన దేశమున 1923లో బొంబాయినుండి ఆరుగురు యువకులు సైకిళ్లపై భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అను మువ్వురు 1928లో యాత్ర ముగించుకొని తిరిగి వచ్చిరి.

అందరును అంత దూరము పోనక్కరలేదు. ఒక్క పగటి ప్రయాణమే మనము పుట్టి పెరిగిన నేలను గురించి ఎన్నో పాఠములు చెప్పగలదు. అందుకు తగిన దారి ఏది? మా అనుభవమున కాలువగట్టును మించినది లేదు. నీరు పల్లమెరుగునందురు. కాని సేద్యపు కాలువలో ఆ పల్లము కంటికి కనిపించనంత స్వల్పముగ నుండును. కావున దాని వెంబడి పోవు త్రోవకు ఎత్తుపల్లములు లేవు. గట్టున చెట్లనీడ కలదు. మైలున కొకటిగ ఊళ్లు తగులుచుండును. దారి తప్పుదుమను భయము లేదు. అన్నిటికంటె మించిన లాభము వేరొకటి: కాలువ మొదటినుండి చివరకు పోయినచో నీటిని ఎవరు ఎట్లు పంచుకొనుచున్నారో ఒక్క దినములో కన్నులార చూడవచ్చును.

ఈ తలంపుతో మేము మిత్రుల మైదుగురము ధవళేశ్వరమునుండి కాకినాడ వరకు, గోదావరి తూర్పుడెల్టా కాలువ వెంబడి, ఒక మార్గశిరమాసపు దినమున సైకిళ్లపై ప్రయాణము చేసితిమి. కడియము, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట మీదుగ పోవు ఈ దారి సుమారు 65 కిలోమీటర్లు. ఈ ప్రాంతమువారు దీనిని ‘కెనాలు రోడ్డు’ అందురు. పెక్కుచోట్ల కాలువ, రోడ్డు, రైలుమార్గము మూడును దగ్గర దగ్గరగ సాగుచుండును.

ప్రయాణవృత్తాంతమునకు ముందు ఈ కాలువ పుట్టుక కొంత చెప్పవలసి యున్నది. గోదావరి నిండుగ పారుచుండగనే ఒకప్పుడు దాని ఒడ్డున జనులు కరవుతో మాడిరి. 1833 నాటి కరవు పెద్దలనోట నేటికిని నిలిచియున్నది. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి ప్రాంతమును ముంచెను. నాటి రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలుగ నున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గెను. ఇరువది సంవత్సరములలో ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరు చనిపోయినను, ఊరు విడిచిపోయినను అయి యుండవలెను. ఈ స్థితిని చూచి ఇంజనీరు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్టను సంకల్పించెను. 1847లో పని మొదలై 1852లో ముగిసెను. ఇసుకపై కట్టడము నిలుచునా అను సందేహమునకు ఆయనకు సమాధానము కావేరిమీద చోళులు కట్టిన కల్లణై చూపెను. లంకలు అడ్డుగ నున్నందున ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ ఆనకట్ట నిర్మింపబడెను. పాత ఆనకట్ట శిథిలము కాగా, దాని స్థానమున 175 తలుపులతో క్రొత్త బ్యారేజి లేచి 1982 నాటికి పూర్తియైనది. దానికి కాటన్ పేరే పెట్టిరి. తూర్పు, మధ్యమ, పశ్చిమ డెల్టాలు మూడింటను కలిపి సుమారు 10 లక్షల ఎకరములు దీని క్రింద సాగగుచున్నవి.

ఇక సన్నాహము. దూరప్రయాణమనగానే ఖరీదైన బండి కావలెనని పలువురి భ్రమ. పాలవారు, పోస్టుజవానులు తొక్కు సాధారణపు బండి ఇట్టి సమతలమైన దారికి చాలును. కాని మూడు సంగతులు సరిచూచుకొనవలెను. మొదటిది సీటు ఎత్తు. పెడలు క్రిందికి పోయినపుడు మోకాలు కొంచెము మాత్రమే వంగియుండవలెను. సీటు పల్లముగ నున్నచో 20 కిలోమీటర్లలోపుననే మోకాళ్లు నొచ్చును. రెండవది బ్రేకులు. మూడవది టైరులో గాలి. మెత్తని టైరు ప్రతి మైలునందును మన బలమును కొంత మ్రింగివేయును. వీనికి తోడు పంపు, రెండు టైరు లీవర్లు, సొల్యూషను, అతుకుముక్కలు, ఒక స్పానరు ఉండవలెను. బండికి వెనుక ఎర్రదీపము, తలకు హెల్మెటు తప్పనిసరి. వీనిని బరువనుకొనరాదు.

తిండి విషయమున ఒక సూత్రము కలదు: ఆకలి కాకమునుపే తినవలెను, దాహము కాకమునుపే త్రాగవలెను. ఆకలి తెలిసిన పిమ్మట తిన్నది బలముగ మారుటకు సమయము పట్టును. ఆలోపల కాళ్లు చచ్చుబడినట్లగును. మాలో ప్రతివాడును వేరుశెనగ ఉండలు, అరటిపండ్లు, రెండు సీసాల కాచిన నీరు తెచ్చుకొనెను. ఒక మిత్రుని తల్లిగారు అరిటాకులో పులిహోర కట్టి యిచ్చిరి. ఆ మూట ఎవరి బండిమీద నుండవలెనను విషయమై కొంత వాదము జరిగెను.

ఉదయము అయిదున్నర గంటలకు ధవళేశ్వరమున కాలువ తలతూములవద్ద కలిసికొంటిమి. ఇంకను చీకటి విడలేదు. నదివైపున మంచు తెరవలె పరచియుండెను. తూము తలుపుల క్రిందనుండి వెలువడు నీటిహోరు మాత్రము వినవచ్చుచుండెను. అంత పెద్ద నది నిశ్చలముగ నిలిచియుండగా, ఈ చిన్న తూముననే ఇంత చప్పుడేల? తలుపునకు ఎగువన నీరు ఎత్తుగ, దిగువన పల్లముగ నుండును. ఆ ఎత్తుచే కలిగిన ఒత్తిడితో నీరు సన్నని సందునుండి వేగముగ దూకి, దిగువనీటిలో పడి వెనుకకు సుడితిరుగును. ఇచట ఒక హెచ్చరిక చేయక తప్పదు. తలుపులకు దిగువన పైకి నురుగు మాత్రమే కనిపించును; లోపలి సుడి ఈతగానినైనను వెనుకకు లాగి అడుగునకు త్రొక్కును. ఇట్టి చోట్ల స్నానమునకు దిగుట ప్రాణాంతకము. ప్రయాణపు బడలికతో వచ్చిన యువకులకు చల్లని నీరు కనిపించినపుడు ఈ మాట గుర్తుండవలెను.

తెలవారకముందే బయలుదేరుటకు రెండు కారణములు. ఒకటి, ఈ రోడ్డుమీద పగటిపూట లారీల సంచారము హెచ్చు. రెండవది గాలి. మార్గశిర పుష్యమాసములలో గాలి ఈశాన్యమునుండి వీచును. ధవళేశ్వరమునుండి కాకినాడకు పోవువారు చాలవరకు తూర్పుగ, కొంత ఈశాన్యముగ పోవలెను. నీరు మనతో వచ్చును, గాలి మనకు ఎదురు నిలుచును. తెల్లవారుజామున గాలి పడియుండును గాన ఆ వేళలో ఎంత దూరము సాగినచో అంత లాభము. ఎదురుగాలిలో పోవునపుడు ఒకరి వెనుక ఒకరు వరుసగ పోవుట మేలు. ముందువాడు గాలిని చీల్చును; వెనుకవానికి శ్రమ తగ్గును. ముందువాడు అలసినంతనే ప్రక్కకు తప్పుకొని వరుస చివరకు చేరవలెను. మేము పదేసి నిముషముల వంతు పెట్టుకొంటిమి. అంతకంటె ఎక్కువసేపు ముందుండెదనని ఎవడును పట్టుపట్టలేదు.

కడియము చేరువేళకు సూర్యోదయమైనది. ఈ ప్రాంతము పూలమొక్కల పెంపకమునకు ప్రసిద్ధము. కడియము, కడియపులంక పరిసరములలో నర్సరీలు వరుసగ కనిపించును. గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టి, ఏడాదిలో అధికభాగము దొరకు కాలువనీరు, అంటుకట్టుటలో తరతరముల నేర్పు — ఈ మూడును కలిసి ఈ వృత్తిని నిలిపినవి. ఇచటి మొక్కలు ఇతర రాష్ట్రములకును పోవుచున్నవి. ఉదయపు ఎండలో స్త్రీలు వరుసలుగ కూర్చొని చిన్న సంచులలో మట్టి నింపుచుండిరి. వారిలో ఒక పెద్దావిడ మా బండ్లను చూచి, “ఎక్కడిదాకా బాబూ?” అని అడిగెను. “కాకినాడ, అమ్మా” అంటిమి. “బస్సుల్లేవా ఏంటి?” అని ఆమె నవ్వెను. ఈ ప్రశ్నకు సాయంకాలమువరకును మాకు సరియైన సమాధానము దొరకలేదు.

కడియము దాటిన పిమ్మట నేలతీరును గమనించితిమి. మొత్తముమీద ఈ కాలువ డెల్టాకు ఉత్తరపు అంచున సాగును. ప్రవాహమువైపు తిరిగి నిలిచినచో ఎడమవైపు నేల క్రమముగ మెట్టయగును; కుడివైపున కనుచూపుమేర మాగాణి. కాలువ ఆ రెంటి నడుమ గీచిన సరిహద్దురేఖ వంటిది. నీటిని నేల ఎత్తుగనున్న చోటినుండి నడిపించినచో, ప్రక్కనున్న పొలములకు ఏతములేకయే, యంత్రములేకయే అది తనంతట పారును. పొలములనుండి మిగిలిన నీరు పల్లమున మురుగుకాలువలలో చేరి సముద్రమునకు పోవును. మానవశరీరమున మంచి రక్తమునకు ఒక దారి, చెడ్డ రక్తమునకు మరియొక దారి ఉన్నట్లే డెల్టాకును ఈ రెండును కావలెను. పంటకాలువను పొగడువారు మురుగుకాలువను మరతురు. కాని దానిలో గుర్రపుడెక్క పెరిగి నీరు నిలిచిన సంవత్సరమున, కోతకు వచ్చిన చేను మునిగినపుడు, దాని విలువ రైతునకు తెలియును.

ద్వారపూడిలో ఇడ్లీలు, పెసరట్లు తిని, టీ త్రాగి, అరగంట విశ్రమించితిమి. ఈ ఊరు బట్టలవర్తకమునకు పేరుపడినది. అయ్యప్పస్వామి ఆలయము కూడ కలదు. అది దీక్షల కాలమగుటచే నల్లనిబట్టలు ధరించిన స్వాములు గుంపులుగ వచ్చుచుండిరి. హోటలులో రేడియో మ్రోగుచుండగా వార్తలు విని మరల బండ్లెక్కితిమి.

ఇచటినుండి అనపర్తి వరకు వరికోతలు ముగిసిన చేలు కనిపించినవి. కొన్ని కుప్పలు ఇంకను నూర్చవలసి యుండెను. కొన్ని చేలలో కోతయంత్రము పోయిన జాడలు మాత్రమే మిగిలెను. ప్రక్కనే దాళ్వాకు ఆకుమళ్లు దున్నుచుండిరి. ఒక పంట ఇల్లు చేరకముందే రెండవ పంటకు నేలను సిద్ధపరచుట ఈ డెల్టా అలవాటు. ఆ రెండవ పంట పూర్తిగ కాలువమీదనే ఆధారపడినది. సార్వాకు వానలు తోడుండును. దాళ్వాకు నదిలోని నీరే దిక్కు. నదిలో నీరు చాలని సంవత్సరమున ఎంతవరకు దాళ్వా వేయవలెనను ప్రశ్న ఈ ఊళ్లలో ప్రతి రచ్చబండమీదను చర్చకు వచ్చును. అనపర్తి ప్రాంతమున బియ్యపుమిల్లులు, కోళ్లఫారములు విస్తారము. మిల్లుల తవుడు కోళ్లకు మేత; ఆ కోళ్ల ఎరువు మరల చేలకు బలము. వరియే ఈ చక్రమునకు ఇరుసు.

అనపర్తి దాటినపిమ్మట ఒక మిత్రుని వెనుకటైరు చప్పున దిగిపోయెను. గట్టుమీది తుమ్మముల్లు గ్రుచ్చుకొన్నది. ట్యూబు విప్పి, గాలి కొట్టి, నీటిలో ముంచగా బుడగలు లేచిన చోట సొల్యూషను రాసి, ఆరనిచ్చి, అతుకు వేసితిమి. ఇరువది నిముషములు పట్టినది. ముల్లు టైరులో మిగిలియున్నచో క్రొత్త అతుకును గూడ పొడుచును. కావున అతుకు వేయుటకు ముందు టైరు లోపలిభాగమును వ్రేళ్లతో తడిమి చూడవలెను. ఈలోపుగ మిగిలినవారు లకుముకిపిట్ట ఒకటి తీగమీదనుండి నీటిలోనికి బాణమువలె దూకి చేపతో లేచుట చూచిరి. రెక్కలు విప్పి ఎండలో ఆరబెట్టుకొను నీటికాకులను, నిద్రగన్నేరుకొమ్మలపై తపస్సుచేయు కొంగలను చూచుటకు గూడ తీరిక దొరకినది.

బిక్కవోలు ఈ దారిలో చూడదగిన ఊళ్లలో మొదటిది. తూర్పుచాళుక్యులనాటి ఆలయములు ఊరిలోను, ఊరిబయట చేలనడుమను నిలిచియున్నవి. ఆ వంశమున గుణగ విజయాదిత్యుడు 9వ శతాబ్దమున పేరుమోసిన రాజు; ఆయన బిరుదునుబట్టియే ఈ ఊరికి పేరు వచ్చినదందురు. గోలింగేశ్వరాలయము నేటికిని పూజలందుకొనుచున్నది. ఏకశిలావిగ్రహమైన గణపతిని చూచుటకు జనులు దూరమునుండి వత్తురు. నక్కలగుడి, కంచనగుడి అను ఆలయములు చేలగట్లనడుమ ఒంటరిగ నున్నవి. కాలువ రాకముందు దాదాపు వేయి సంవత్సరములనాడు కట్టిన గుడులివి. అప్పుడును ఇచట జనపదములు, పంటలు, కళలు ఉండెను. కాని వాన తప్పిన ఏట ఆ సంపద నిలుచునను నమ్మకముండెడిది కాదు. ఈ గుడి అరుగుమీద పులిహోరమూట విప్పితిమి. ఎండవేళ గంటసేపు నడుము వాల్చితిమి. దూరప్రయాణములో మధ్యాహ్నపు విశ్రాంతి సోమరితనము కాదు. సాయంకాలపు 30 కిలోమీటర్లకు అది పెట్టుబడి.

బిక్కవోలు దాటిన పిమ్మట ఒక లాకువద్ద ఆగితిమి. లాకు అనగా ఏమో నేటి పిల్లలకు తెలియదు. కాలువ నేలవాలును అనుసరించి పోవుచు, కొన్నిచోట్ల మెట్టుదిగినట్లు ఒక్కమారుగ పల్లమునకు దిగును. ఆ మెట్టున పడవ దూకజాలదు. అందుకై రెండు జతల తలుపులతో నడుమ ఒక రాతితొట్టి కట్టిరి. ఎగువనుండి పడవ వచ్చినపుడు తొట్టిలో నీటిని ఎగువమట్టమునకు నింపి, పైతలుపులు తీసి, పడవను లోనికి తెచ్చి, ఆ తలుపులు మూసివేయుదురు. పిమ్మట క్రిందితలుపులలోని చిన్న తూములద్వారా నీటిని వదలగా, తొట్టిలో నీటితోపాటు పడవయు మెల్లగ దిగువమట్టమునకు దిగును. అప్పుడు క్రిందితలుపులు తెరువబడును. ఆవిరియంత్రము లేదు, విద్యుచ్ఛక్తి లేదు. నీటిబరువే పని అంతయు చేయును. ఎగువకు పోవు పడవకు ఇదే పని తలక్రిందులుగ జరుగును.

ఒకప్పుడు ధాన్యము, కొబ్బరికాయలు, కలప ఈ కాలువలపైననే పోయెడివి. గాలి అనుకూలించినపుడు తెరచాప. లేనపుడు పడవకు తాడు కట్టి, గట్టున నడచుచు మనుష్యులు లాగెడివారు. మేము సైకిలు తొక్కు ఈ గట్టుబాట కొన్నిచోట్ల ఆ లాగువారి పాదములచే ఏర్పడినదే. కాకినాడనుండి ఏలూరుకాలువ, కొమ్మమూరుకాలువ, బకింగుహాముకాలువల మీదుగ మద్రాసు వరకు జలమార్గముండెను. 1900లో రాజమహేంద్రవరమువద్ద హేవలాక్ వంతెనపై రైలు నడచుటతో పడవల ప్రాధాన్యము తగ్గసాగెను. లారీలు వచ్చిన పిమ్మట అడుగంటెను. 2008లో కాకినాడ–పుదుచ్చేరి మార్గమును 4వ జాతీయజలమార్గముగ ప్రకటించిరి. కాని మేము పోయిన దారిలో ఆ దినమున ఒక్క సరుకుపడవయు కంటబడలేదు.

ఆ సమీపముననే తూముతలుపులు చూచుకొను లస్కరు ఒకడు కనిపించెను. వయస్సు అరువదికి దగ్గర. మేము మజ్జిగ త్రాగుచుండగా ఆయన ఇట్లనెను: “తలుపు ఎత్తడం పెద్ద పనేం కాదండి. ఎంత ఎత్తాలో అదే పని. పైనోళ్ళు నాలుగేళ్ళు ఎక్కువెత్తమంటారు, కిందోళ్ళు ఎత్తొద్దంటారు. ఇద్దరూ మనోళ్ళే కదండీ.” మేము ఎన్ని పుస్తకములు చదివినను నీటిపంపకమును గురించి ఇంతకంటె స్పష్టముగ తెలిసికొనజాలము. కాలువ మొదట నున్నవాడు తన చేనికి రెండంగుళములు ఎక్కువ పెట్టుకొన్నచో అది దొంగతనమని అతనికి తోచదు; ఎదురుగ పారు నీరు తరుగనిదిగనే కనిపించును. ఆ రెండేసి అంగుళములు కలిసి కలిసి, శివారుభూమికి చేరవలసిన తడి చేరకపోవును. శివారురైతు నారు ఎండుచుండగా చూచునేగాని, ఏ తూమువద్ద తన నీరు ఆగెనో చెప్పజాలడు. అందువలననే నీరు తక్కువైన కాలమున వంతులవారీగ నీరిచ్చు పద్ధతి ఏర్పడినది. వంతు నిలుచుట తలుపుల బలముమీద కాదు, ఎగువవాని మనస్సుమీద ఆధారపడియున్నది.

నీటి పరిమాణమే కాదు, శుభ్రతయు ఇట్టిదే. మేము తెల్లవారుజామున చూచిన నీటికిని మూడవజామున చూచిన నీటికిని రంగులో భేదము కనిపించినది. దారిపొడవున కొన్ని ఊళ్ల చెత్త గట్టునుండి నేరుగ కాలువలోనికి జారుచుండెను. ప్లాస్టికుసంచులు వంతెనస్తంభములకు చుట్టుకొని యుండెను. ఈ నీరు చేలకు మాత్రమే పోవునది కాదు. డెల్టాలోని పెక్కు గ్రామములకు ఇదే త్రాగునీరు. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు మంచినీటిచెరువులను దీనితోనే నింపుకొందురు. కాకినాడ నగరమునకు సైతము గోదావరి కాలువనీరే ఆధారము. ఎగువ ఊరివారు పారవేసిన దానిని దిగువ ఊరివారు వడగట్టి, మందు కలిపి, బిందెలకెత్తుకొనుచున్నారు. బస్సులో పోవువాడు ఒక వంతెనవద్ద ఒక్క క్షణము మాత్రమే కాలువను చూచును. సైకిలుమీద పోవువాడు ఒకే నీటిని పగలంతయు చూచును. ఈ రెండు చూపులకును గల తారతమ్యము ఇక్కడ తెలియును.

సామర్లకోట చేరువేళకు మూడు గంటలైనది. పంచారామములలో ఒకటియైన కుమారారామము ఇచటనే కలదు. దీనిని నిర్మించినవాడు 892నుండి 922 వరకు పాలించిన చాళుక్యభీముడు. ఆలయము రెండంతస్తులు, భీమేశ్వరలింగము క్రింది అంతస్తున మొదలై పై అంతస్తువరకు ఎదిగినట్లుండును. పూజలు పై అంతస్తున జరుగును. కాళ్లు కడుగుకొని ఆ చల్లని రాతిమెట్లు ఎక్కునపుడు, ఉదయమునుండి పెడలు త్రొక్కిన తొడలు తమ మనవిని గట్టిగనే వినిపించినవి.

సామర్లకోటనుండి కాకినాడకు కొలది దూరమే. అయినను ఆ కొలది దూరమే మిక్కిలి కష్టమైనది. సాయంకాలము సముద్రపుగాలి బలపడి ముఖమున కొట్టెను. మాటలు తగ్గినవి. వంతులు పది నిముషములనుండి అయిదునకు వచ్చినవి. మాలో చిన్నవాడు వెనుకబడుచుండగా అతనిని వరుస నడుమ నుంచితిమి. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు. గుంపుగ పోవువారి వేగము అందరిలో నెమ్మదిగ పోవువాని వేగమే కావలెను. అది తెలియని గుంపు సాయంకాలమునకు గుంపుగ మిగులదు. అయిదు గంటలకు కొంచెము దాటి కాకినాడలో ప్రవేశించి, జగన్నాథపురము వంతెనపై బండ్లు దిగితిమి. క్రింద చేపలపడవలు బారులు తీరియుండెను. గాలిలో ఉప్పువాసన. మేము ఉదయమున ధవళేశ్వరమున చూచిన నీరు ఇంకను దారిలోనే ఉండి యుండును; కాలువనీటి నడక మనిషినడకకంటె నెమ్మది. అది మరునాటికిగాని ఈ దరికి చేరదు. అందులో ఎంత చేలకు పోవునో, ఎంత చెరువులకు పోవునో, మిగిలినదే సముద్రమునకు దక్కును.

ఇట్టి యాత్రకు గోదావరి డెల్టాయే కానక్కరలేదు. కృష్ణాడెల్టాలో బందరుకాలువ, ఏలూరుకాలువ ఉన్నవి. రాయలసీమలో కర్నూలు–కడప కాలువ కలదు. నాగార్జునసాగరమునుండి కుడివైపు జవహరుకాలువ, ఎడమవైపు లాల్‌బహదూరుకాలువ సాగుచున్నవి. తెలంగాణమున 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువలు, శ్రీరామసాగరమునుండి వచ్చు కాకతీయకాలువ కలవు. ఎవరి ఊరికి దగ్గరనున్న కాలువను వారు ఎన్నుకొనవచ్చును. మొదటిమారు 20 కిలోమీటర్లు చాలును. నాలుగైదు ఆదివారములు అలవాటైన పిమ్మట 60 కిలోమీటర్లు భారమనిపించదు. గట్టుదారి కొన్నిచోట్ల తెగియుండును గనుక ముందుగ విచారించుకొనవలెను. లారీలరోడ్డు తప్పనిచోట ఒకరి వెనుక ఒకరు పోవలెను. ప్రక్కప్రక్కగ పోవుచు ముచ్చటలాడరాదు. చీకటిపడకముందే గమ్యము చేరవలెను. రక్షణగోడలేని గట్టుమీద రాత్రి ప్రయాణము ఎంతమాత్రము కూడదు.

పాఠశాలల పెద్దపిల్లలను ఉపాధ్యాయుల రక్షణలో ఇట్లు కాలువవెంట ఒక పూట తీసికొనిపోయినచో, భూగోళము, చరిత్ర, పౌరధర్మము మూడును వారికి ఒక్క దారిలో బోధపడును. తమ ఇంటి కుళాయినీరు ఎన్ని ఊళ్లు దాటి వచ్చునో చూచిన బిడ్డ, కాలువగట్టున చెత్త వేయుటకు చేయిచాపినపుడు ఒక్క క్షణమైన ఆగును. తలుపు ఎంత ఎత్తవలెనో నిర్ణయించువారు రేపు వారే గదా!